మా ఇంటి గుట్టుకు పదకొండు జవాబులు

మా ఇంటి రహస్యాలన్నీ ప్రపంచమంతటికీ తెలిసిపోయాయని మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు కనిపెట్టాను.

ఆ సమయానికి నేనొక కిడ్నాపర్ చేత బెదిరింపు ఉత్తరం రాయిస్తున్నాను. సీరియల్ పదిహేడో వారంలో ఉంది. విలన్ విదేశాల్లో చదువుకున్నవాడు కాబట్టి ఉత్తరం ఇంగ్లీషులో ఉండాలి. 'చెప్పినట్టు చెయ్యకపోతే నీ పని అయిపోతుంది' అనే మాట ఇంగ్లీషువాళ్ళు ఎలా అంటారో నెట్‌లో చూద్దామనుకున్నాను. తెలియక కాదు సుమా! ఊరికే, సరిచూసుకోవడానికి.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు సందేహాలు అడిగే సైటొకటి తెరుచుకుంది. అందులో అన్నిటికంటే పైనున్న ప్రశ్న చూసి కిడ్నాపర్‌ని అక్కడే వదిలేశాను. తెలుగులో చెప్పాలంటే ఇదీ ఆ ప్రశ్న:

"మా అక్క భర్తను డాక్టరు తీపి మానెయ్యమన్నాడు. ఆయన లావుపాటి డిక్షనరీ వెనక బిస్కెట్ల డబ్బా దాచుకున్నాడు. 'రహస్యంగా తింటాడు' అంటే సహజంగా ఉంటుందా, 'దొంగచాటుగా తింటాడు' అంటే బాగుంటుందా? ముందుగానే కృతజ్ఞతలు."

పదకొండుమంది జవాబిచ్చారు! మంచు కురిసే దేశం నుంచి ఒకావిడ 'రెండూ సరైనవే, కానీ బిస్కెట్ల విషయంలో దొంగచాటే నిండుగా ఉంటుంది' అని తీర్పు చెప్పింది. ఇంకొకాయన 'డబ్బా ఏ సైజు?' అని అడిగాడు. వ్యాకరణానికి, డబ్బా సైజుకి ఏమిటి సంబంధం?

ముప్ఫయ్యేళ్ళుగా థ్రిల్లర్లు రాస్తున్నవాణ్ణి. నూటపన్నెండు హత్యల్లో హంతకుల్ని పట్టుకున్నవాణ్ణి. ఇక ఇది నాకొక లెక్కా? ఆ డబ్బా సంగతి అప్పటికి మా ఆవిడకు తెలియదు. తెలిసుంటే డబ్బా అప్పుడే మాయమయ్యేది, ఈ కాలమ్‌కి కథే ఉండేది కాదు. ఇంట్లో ఉండే మూడో మనిషి మా బామ్మర్ది. లిఫ్టు మెకానిక్. ఎనిమిది నెలలుగా నా రాతగదిలో మకాం. నేను వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుని హత్యలు చేయిస్తున్నాను. అది గిర్రున తిరిగేటప్పుడు శవాలు కూడా కదులుతున్నాయి.

అతని కంపెనీ కొత్తగా కంట్రోల్ రూమ్ పెడుతోంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు బటన్ నొక్కితే, మెకానిక్ చేరేదాకా వాళ్ళతో మాట్లాడే ఉద్యోగం. పెద్ద పెద్ద బిల్డింగులు, రకరకాల దేశాల మనుషులు. అంచేత ఇంగ్లీషులో మాట్లాడాలి. శుక్రవారం పరీక్ష. నెగ్గితే అతనికి కుర్చీ, కంపెనీ క్వార్టర్సు. తప్పితే మళ్ళీ గ్రీజూ, ఇనుప తాళ్ళూ, నా గదీ!

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ ప్రశ్నలంటే చాలామందికి విసుగు. 'ఇలా అనొచ్చా, అలా అనాలా, ఇది మర్యాదేనా' అని ప్రాణం తోడేస్తారని ఫిర్యాదు. నేను మాత్రం గట్టిగా చెబుతున్నాను: ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాడొకడు ఉండి తీరాలి!

ఎందుకంటారా? మీ ఇంట్లో ఏం జరుగుతోందో మీకెవరైనా చెబుతున్నారా? నాకు చెప్పారు! నెట్‌లో ముప్ఫయ్యారు ప్రశ్నలు చదివాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో తెలియనిది ఒక్క పూటలో తెలిసింది.

"మా అక్క రోజూ బావతో 'మీరు చెప్పిందే నిజం' అంటుంది. కానీ వినదు. దీన్ని మర్యాద అనాలా, ఓపిక అనాలా?" ఆరుగురు ఓపిక అన్నారు. ఒకడు మాత్రం 'పెళ్ళి' అన్నాడు.

"మా అక్క భర్త కథలు రాస్తాడు. పాఠకుడి పేరు పెట్టి తనను తానే మెచ్చుకుంటూ పత్రికకు ఉత్తరాలు పంపుతాడు. ఇలాంటివాణ్ణి ఒక్క మాటలో ఏమంటారు?" పద్నాలుగు మాటలు వచ్చాయి. ఓట్లు వేసి మరీ ఒకటి ఎన్నుకున్నారు. అదిక్కడ రాస్తే ఎడిటర్‌గారు ఊరుకోరు. అయినా చూడండి, నా రచనా వ్యాసంగం మీద పద్నాలుగుమంది ఒకచోట చేరి చర్చించడం ఇదే మొదటిసారి! ఇంతకంటే సాహిత్య సేవ ఏముంటుంది?

పైగా వాళ్ళ మర్యాద! అడిగేవాడు ముందుగానే కృతజ్ఞతలు చెబుతాడు. మా ఇంట్లో పని అయ్యాక కూడా చెప్పరు.

మొదట్లో అతను నన్నే అడిగేవాడు లెండి. అన్నం దగ్గర కూర్చుని, "బావా, ఫోన్లో అవతలివాళ్ళు భయపడుతుంటే 'సారీ' అనాలా, ఇంకేమైనా బాగుంటుందా?" అనేవాడు. నేను గంభీరంగా పేపరు పైకెత్తి, "అది సందర్భాన్ని బట్టి ఉంటుందయ్యా" అనేవాణ్ణి. ఎంత గొప్ప జవాబు! ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. నాలుగు రోజులు ఇలా చెప్పాక అడగడం మానేశాడు. నేర్చేసుకున్నాడని సంతోషించాను.

ఎప్పణ్ణించి రాస్తున్నాడో తేల్చుకుందామని సైటులో అట్టడుగుకు వెళ్ళాను. అతని మొదటి ప్రశ్న దొరికింది.

"లిఫ్టు ఆగింది. లోపల ఒకామె భయపడుతోంది. మెకానిక్ రావడానికి ఇరవై నిమిషాలు. 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఒకసారి చెప్పేశాను. మిగిలిన పంతొమ్మిది నిమిషాలూ ఏం మాట్లాడటం సహజం?"

కింద ఒక రిటైరైన నర్సు జవాబు: "ప్రకటనలు చదవకు నాయనా. మీ ఇంట్లోవాళ్ళ సంగతులు చెప్పు. ఇంకో ఇంటి గోల వింటుంటే మనిషి తన భయం మర్చిపోతాడు. ముందు వాక్యాలు ఇక్కడ రాయి, మేం దిద్దుతాం."

ఆ మర్నాటి నుంచీ మొదలయ్యాయి, మా ఇంటి ముప్ఫయ్యారు ప్రశ్నలు.

ముద్దాయిని శుక్రవారం సాయంత్రం పరీక్ష నుంచి రాగానే నిలదియ్యాలని నిశ్చయించుకున్నాను. సాక్ష్యాలన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. తలుపు దగ్గర కుర్చీ కూడా వేసుకున్నాను. నా నవలల్లో ఇన్‌స్పెక్టర్లు అలాగే కూర్చుంటారు.

అతను చెప్పులు విడవకుండానే అరిచాడు.

"అక్కా! నెగ్గాను!"

"నిజంగానా? ఏమడిగార్రా?" మా ఆవిడ వంటింట్లోంచి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమీ అడగలేదే. పరీక్ష పెట్టే మేడమ్‌ని లిఫ్టులో కూర్చోబెట్టి మధ్యలో ఆపారు. నేను కంట్రోల్ రూమ్ నుంచి ఇరవై నిమిషాలు మాట్లాడాలన్నమాట. మిగతావాళ్ళంతా రెండు నిమిషాల్లో గప్‌చుప్. నేను మాత్రం వదల్లేదు. ఆవిడ ఒకటే నవ్వు! తలుపు తెరిచాక కూడా 'తర్వాతేమైంది?' అని అక్కడే నిలబడింది."

"అంతసేపు ఏం మాట్లాడావురా?"

"బావగారి బిస్కెట్ల గురించే చెప్పానక్కా!"

నేను ఫైలు మూసేశాను.

మా ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఏ బిస్కెట్లు?"

బామ్మర్ది నాలిక కరుచుకున్నాడు. "బావా... అదీ... మీరే చెప్పండి. ఇప్పుడేమంటే సహజంగా ఉంటుంది?"

అన్నం దగ్గర ఆ నాలుగు రోజుల తర్వాత అతను మళ్ళీ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. 'సందర్భాన్ని బట్టి' అనబోయి ఆగాను. ఫైలు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. అక్కడ నేనిచ్చిన వాంగ్మూలం, ఎవరిచేతా దిద్దించకుండా, ఇది:

"నేనే. డిక్షనరీ వెనక డబ్బా నాదే. ఆ డిక్షనరీని నేను కూడా ఎప్పుడూ తెరవను కాబట్టే అక్కడ దాచాను. పాఠకుల ఉత్తరాలు రాసిందీ నేనే. అవి చిన్న నేరాలు. పెద్దది వేరే ఉంది. వీడు అన్నం దగ్గర నాలుగు రోజులు నాలుగు ప్రశ్నలు అడిగాడు. సందర్భాన్ని బట్టి ఉంటుందని పేపరు చాటున దాక్కున్నాను. వీడు ఊరూ పేరూ తెలియనివాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. నేను ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను, రాసుకోండి: సందర్భం ఏదైనా సరే, నాకు తెలియదు."