అరగనిదానికి అనుమతి లేదు

అరగడం ప్రతి వస్తువు ప్రాథమిక బాధ్యత. ఈ సంగతి తెలియకనే మా వదిన చిక్కుల్లో పడింది.

వదిన ప్రయోగశాలలో పనిచేస్తుంది. గట్టి సిరామిక్ రింగుల మీద వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలచటి కార్బన్ పూత వేస్తుంది. ఆ పూతుంటే రెండు రింగులు ఒకదానిమీదొకటి ఎంత తిరిగినా రాపిడి తెలియదు, అరుగుదల కనిపించదు. (అత్తాకోడళ్ళకు పనికొచ్చే రకం ఉందా అని మా అమ్మ అడిగింది. పరిశోధన జరుగుతోందట.)

ఆసుపత్రి నీళ్ళ పంపులో రింగు తరచూ అరిగి పంపు ఆగిపోయేది. పై అంతస్తులో బాలింతలు బకెట్ల కోసం ఎదురుచూసేవారు. అక్కడ నర్సుగా ఉన్న వదిన చెల్లెలు బతిమాలితే, వదిన ఒక రింగుకు పూత వేసి ఇచ్చింది. పంపు ఆగడం మానేసింది.

దాంతో అరుగుదల ధ్రువీకరణ మండలి మేలుకుంది. ఉపాధికారి వచ్చి అనుమతి లేని ఆ రింగును విప్పించి, పాత రకం బిగించి, పూత రింగును పరీక్షకు పట్టుకుపోయాడు.

"ఎంత అరుగుతుందో చెప్పండమ్మా," అన్నాడు వదినతో.

"మీ పరీక్షలో అరగలేదు కదండీ. సున్నా అని రాసుకోండి."

"సున్నా అంటే పరీక్షే జరగలేదని అర్థం. జరిగితే ఏదో ఒకటి అరగాలిగా."

(అరిగింది పరీక్ష యంత్రం. అది వేరే విభాగం చూస్తుంది.)

వదిన ఆ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఉపాధికారి మంచివాడే. ఆ చెప్పులు చూసి, ఇవైతే మా ప్రమాణాలకు సరిగ్గా సరిపోతాయని మెచ్చుకున్నాడు కూడా.

"పోనీ, పూత గీకేసి తెండి. ఇప్పుడే సంతకం పెడతాను."

"గీకేస్తే పంపు మళ్ళీ ఆగుతుంది కదండీ."

"ఆగితే ఏం చేయాలో మాకో పద్ధతుందమ్మా. ఆగకపోతేనే లేదు."

అంతలో చెల్లెలి ఫోను. "అక్కా, పంపు ఆగింది. ఇప్పుడే కాన్పయింది, చేతులు కడుక్కోడానికి నీళ్ళు లేవు."

వదిన జీవితంలో మొదటిసారి కొలతల్లో అబద్ధమాడింది. "నెలకల్లా పూర్తిగా అరిగిపోతుంది, రాసుకోండి," అంది. ఉపాధికారి కళ్ళు చెమర్చాయి. వెంటనే ముద్ర పడింది, రింగు పంపులోకి వెళ్ళింది, నీళ్ళొచ్చాయి.

నెల తిరగ్గానే మండలి మనిషి వచ్చి, కొత్తదిలా మెరుస్తున్న రింగును అరిగిపోయిందని విప్పి తీసుకుపోయాడు. నెలకే పాడైపోయే పూత తయారుచేసినందుకు సంజాయిషీ చెప్పమని ప్రయోగశాల వదినకు నోటీసిచ్చింది.