ఆడపడుచు అప్పగించిన రికార్డు

అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా పట్టుబడ్డాయి. వత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పి ఉంటే పెద్ద మనసుతో సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే ఇరవై రోజులు పట్టింది.

లాండ్రీ కొట్టు ఇల్లాలు ఆ పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి ఆడపడుచు వస్తుంది. ఆలోగా ఆవిడ దాచమని ఇచ్చిన గ్రామఫోను రికార్డును దుమ్ము దులిపి సిద్ధంగా ఉంచాలి. అంతే.

ఆ రికార్డు అరవైల నాటిది. అట్ట మీద జుట్టు పెంచుకున్న అయిదుగురు కుర్రాళ్లు లోకం మీద అలిగినట్టు నిలబడి ఉంటారు. ఆ ఇంగ్లీషు పాటల బాణీని రిథమ్ అండ్ బ్లూస్ రాక్ అంటారట. ఆడపడుచు భర్తకు అది పంచప్రాణాలు. ఇంటికి రంగులు వేయిస్తున్నామని, ఒక్క వారం దాచమని ఆడపడుచు స్వయంగా తెచ్చి ఇచ్చింది. అదీ అసలు విశేషం. ఆడపడుచు పట్టు జాకెట్టు మీద ఇస్త్రీ పెట్టె మచ్చ పడిన నాటి నుంచి పన్నెండేళ్లుగా ఆవిడకూ మరదలికీ మాటల్లేవు. అలాంటిది, "నీ దగ్గరే పెట్టాలనిపించిందే" అంటూ గుమ్మంలోకి వచ్చింది. ఈ రికార్డు క్షేమంగా తిరిగి వెళ్తే మాటలు నిలుస్తాయి. లేకపోతే ఇక ఈ జన్మకు లేవు.

పొడి గుడ్డతో తుడిస్తే సరిపోయేది. కానీ మురికి కనబడితే తుడిచి ఊరుకోవడం లాండ్రీ వాళ్లకు చేతకాదు. ఇల్లాలు రికార్డును సబ్బునీళ్లలో ముంచింది, జాడించింది, కిటికీ గట్టు మీద ఎండలో ఆరబెట్టింది. ఇంతలో ఎవరో దుప్పట్లు తెచ్చారు. వాళ్లతో మాట్లాడి పంపించి వచ్చేసరికి రికార్డు మూకుడై కూర్చుంది.

"ఏవండీ! ఒక్కసారి ఇటు రండి. కేకలు మాత్రం వెయ్యకండి."

భర్త వచ్చి చూశాడు. కేకలు వెయ్యలేదు. రికార్డును రెండు చేతులా ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

"దీన్నేం చేశావే?" అన్నాడు చివరికి.

"ఉతికాను."

"రికార్డునా?"

"మురికిగా ఉందండీ!"

"అక్క వచ్చిందంటే మనిద్దర్నీ ఉతుకుతుంది."

వంకర తిరిగినదాన్ని తిన్నగా చెయ్యడానికి వాళ్లకు తెలిసిన మార్గం ఒక్కటే, వేడి మీద బరువు పెట్టడం. నేరుగా ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కరిగి ముద్దవుతుందని భర్త భయపడ్డాడు. అందుకని మడతలు అణచడానికి వాడే చెక్కపలకలు రెండింటిని ఇస్త్రీ పెట్టెతో వెచ్చబెట్టారు. రికార్డును చుట్టడానికి మెత్తటి గుడ్డ కావాలి. ఆ కంగారులో చేతికందింది హెడ్మాస్టరుగారి తెల్ల చొక్కా. చొక్కాలో రికార్డు, పలకల మధ్య చొక్కా, మొత్తాన్ని గిరాకీల కోసం వేసిన కుర్చీలో పెట్టి పైన దిండు కప్పారు. దాని మీద పెట్టడానికి దుప్పట్ల మూట తెద్దామని ఇద్దరూ లోపలికి వెళ్లారు.

మూట మోసుకొచ్చేసరికి ఆ కుర్చీలో హెడ్మాస్టరు ఉన్నాడు. నిండైన మనిషి. ఆయన కూర్చుంటే కుర్చీ కనబడదు.

"నా చొక్కా అయిందామ్మా? అయిదింటికి మీటింగు. ప్రసంగం నాదే."

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఆయన లేస్తే గాని చొక్కా బయటికి రాదు. చొక్కా వస్తే గాని ఆయన లేవడు. ఇల్లాలు స్టూలు ముందుకు జరిపింది.

"మాస్టారూ, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. ఈ స్టూలు మీద కూర్చోండి."

"ఎక్కడ ఊగుతోందమ్మా? పైగా వెచ్చగా కూడా ఉంది. నా నడుం నొప్పికి ప్రాణం లేచొచ్చింది."

"బయట మంచి గాలి వస్తోందండీ," అన్నాడు భర్త.

"నాకు గాలి పడదయ్యా."

భార్యాభర్తలు బట్టల వెనక్కి తప్పుకున్నారు. "నల్లులున్నాయని చెప్పనా?" అని గొణిగాడు భర్త.

"చెప్పండి. రేపటి నుంచి మన కొట్టుకి చేతిరుమాలు కూడా రాదు."

"ఏమిటా గుసగుసలు?" హెడ్మాస్టరు గొంతు పెంచాడు. "కొంపదీసి చొక్కా కాల్చారా?"

"అయ్యో, లేదు మాస్టారూ!"

"అయితే చూపించండి. కళ్లారా చూసేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు."

అంటూ ఇంకాస్త బిగించుకుని కూర్చున్నాడు. కింద ఏదో కిర్రుమంది. ఇల్లాలి గుండె కూడా కిర్రుమంది.

సరిగ్గా నాలుగింటికి ఆడపడుచు వచ్చింది. వెనకే ఆవిడ భర్త, రికార్డు ప్లేయరు పెట్టె చంకలో పెట్టుకుని. ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగలేడట. ఆడమనిషి నిలబడి ఉండగా తాను కూర్చోవడం బాగుండదని హెడ్మాస్టరు లేచాడు.

"రండి తల్లీ, కూర్చోండి."

"వదినా, కూర్చోకండి!" అని ఇల్లాలు కెవ్వున అరిచింది. ఒక్క ఉదుటున వచ్చి దిండూ పై పలకా లాగేసింది. చొక్కా మడతలోంచి నల్లటి రికార్డు అంచు బయటపడింది. అందరి కళ్లూ కుర్చీ మీదే.

"అది నా చొక్కా కదూ?" అన్నాడు హెడ్మాస్టరు.

"అది మా రికార్డు కదూ?" అంది ఆడపడుచు. ఆవిడ కళ్లు మెరిశాయి. కోపమనుకుని ఇల్లాలు బావురుమంది. ఉతకడం, ఎండ, మూకుడు, పలకలు, అన్నీ ఒక్క ఊపిరిలో కక్కేసింది.

"పోనీలేవే, ఏడవకు. కావాలని చేశావా ఏమిటి?" అంది ఆడపడుచు, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత మెత్తగా.

హెడ్మాస్టరు, రొమ్ము మీద పళ్లెమంత గుండ్రటి ముద్ర పడిన చొక్కా పట్టుకుని వెళ్లిపోయాడు. ఆడపడుచు భర్త రికార్డును ప్లేయరు మీద పెట్టి ముల్లు ఆనించాడు. ఒక బుస, ఒక చిటపట. ఆ వెంటనే డ్రమ్ములు, మౌతార్గను, వాటి మీద బొంగురు గొంతు. రికార్డు బల్లపరుపుగా తిరుగుతూ రెండో పాట కూడా దాటింది.

"చెల్లెమ్మా! రెండో పాటలో గీటు దగ్గర ముల్లు గెంతేది. ఇప్పుడు గెంతలేదు, విన్నావా? బంగారం లాంటి చెయ్యమ్మా నీది!"

ఇల్లాలి ప్రాణం కుదుటపడింది. చిరునవ్వుతో ఆడపడుచు వైపు తిరిగింది. ఆవిడ మొహం నల్లగా మాడిపోయి ఉంది. మరదలి చెయ్యి పట్టుకుని బట్టల వెనక్కి ఈడ్చుకెళ్లింది.

"నలభై ఏళ్లే! ప్రతి ఆదివారం తెల్లారేసరికి ఇదే మోత. నా చేత్తో విరగ్గొట్టలేక తెచ్చి నీ చేతిలో పెట్టాను. నా జాకెట్టుని పది నిమిషాల్లో తగలేసిన దానివి, వారం రోజులిస్తే ఇదొక్కటి పాడుచెయ్యలేకపోయావా? ఎంత నమ్మకం పెట్టుకున్నానే నీ మీద!"

అదే ఆఖరి మాట. విసవిసా నడుచుకుంటూ వెళ్లిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో గీట్లు పడ్డ రికార్డులు ఇంకా పద్దెనిమిది ఉన్నాయని, రేపే తెచ్చి ఇస్తానని ఆడపడుచు భర్త మాటిచ్చాడు.

— పెద్దక్క, డెబ్బై ఒకటో ఏడు, ప్రస్తుతం చిన్న కూతురింటి మేడ గదిలో.