ఎలిశిబమ్మ వయసు కాగితం

ఆ మంగళవారం పొద్దున అరవై దాటిన ఎలిశిబమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, మెదక్ దవాఖానాకు పోయి మోకాలి నొప్పికి సూది వేయించుకోవడం. డాక్టరమ్మ వారానికి ఒక్కరోజే కూర్చుంటుంది. పన్నెండు కొట్టగానే జీపెక్కి హవేలిఘనపూర్ వెళ్లిపోతుంది. రెండు వారాలుగా ఎలిశిబమ్మ వరుసలో నిలబడలేక మధ్యలోనే ఇంటికి తిరిగి వచ్చేసింది. ఈసారీ చూపించుకోకపోతే ఇక మంచం దిగలేనేమోనని ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

అదృష్టంకొద్దీ ఆ వారమే డాక్టరమ్మ కొత్త ఏర్పాటు చేసింది. అరవై దాటినవాళ్లకు వేరే వరుస, నీడలో బెంచీలు, కుండలో చల్లని నీళ్లు, అందరికంటే ముందు పిలుపు. ఆలోచన బంగారమే. అమలు మాత్రం కంపౌండర్ వెంకట్రాములు చేతిలో పడింది. ఆయన మనిషి మొహం చూసి దేన్నీ నమ్మడు, కాగితం చూసి నమ్ముతాడు.

"వయసుకు కాగితమేది?" అన్నాడు.

బడిలో వడ్రంగం నేర్పే కొడుకు జకరయ్య ఇంటికి పరుగెత్తి, తల్లి బాప్తిస్మం పత్రం తెచ్చాడు. ఆమె పేరున్న కాగితం ఇంట్లో అదొక్కటే.

"పందొమ్మిదొందల ముప్పై," అని చదివి వెంకట్రాములు వేళ్లు లెక్కపెట్టాడు. "ఇప్పుడు నడుస్తున్నది పందొమ్మిదొందల అరవై ఎనిమిది. అంటే ముప్పై ఎనిమిదేండ్లు. జర ఆ వరుసల నిలబడు, చెల్లె."

"గది పుట్టిన తారీఖు గాదు సార్, బాప్తిస్మం తారీఖు," అన్నాడు జకరయ్య.

"మీవోళ్లు పోరగాండ్లు పుట్టంగనే నీళ్లు చల్లుతరు గద. నాకెరుకే."

"మావోళ్లు పెద్దగైనంకనే సంఘంల కలిసిన్రు. మా అమ్మకు నీళ్లు చల్లేటప్పుడు నేను ఏడేండ్లోన్ని, పక్కనే నిలబడ్డ. నాకు అంతకు ముందటేడే అయింది, మిషన్ హాస్టల్ల."

వెంకట్రాములు మళ్లీ వేళ్లు తీశాడు. "నీది ఇరవై తొమ్మిది, ఆమెది ముప్పై. అంటే నువ్వు మీ అమ్మకన్న ఏడాది పెద్ద."

జకరయ్య మళ్లీ పరుగెత్తాడు. పాస్టరుగారి దగ్గరికి పోయి చీటీ రాయించుకొచ్చాడు. 'కుమారుడు జకరయ్య బాప్తిస్మము పొందిన మరుసటి ఏట తల్లి ఎలిశిబా పొందెను' అని ఉంది. దాంతో వెంకట్రాములు లెక్కకు సంఘం ముద్ర కూడా పడింది.

"పాస్టరుగారే రాసిచ్చిన్రు. పెద్దోనివి నువ్వు కూసో, ఆమె నిలబడుతది," అని స్టూలు జరిపాడు.

"కూసో బిడ్డా," అంది ఎలిశిబమ్మ. చదువుకున్నవాళ్లు ఇంతమంది చెబుతుంటే ఆమెకూ అనుమానం వచ్చింది. "నిన్ను కన్నది నాకు మంచిగ యాదికున్నది గని, కాగితంల లేదాయె."

ఈలోపు నలభై ఐదేళ్ల మదన్ మోహన్ తాతగారి భూమి పట్టా తెచ్చి దర్జాగా బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం పాతదైతే మనిషీ పాతవాడేనని వెంకట్రాములు సిద్ధాంతం. అది చూసి జనమంతా ఇళ్లకు పరుగెత్తి, చెదలు తిన్న కాగితాలన్నీ దులిపి తెచ్చారు. పదకొండున్నరకు పెద్దల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. చిన్నవాళ్ల వరుసలో ఎలిశిబమ్మ ఒక్కతే మిగిలింది. ముందు పిలుపు పెద్దల వరుసకే కనక ఈ వారమూ ఇంతేనని ఆమెకు ఏడుపొచ్చింది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా డాక్టరమ్మ బయటికి వచ్చి ఆ వరుస చూసి తెల్లబోయింది.

"ఇంతమంది పెద్దవాళ్లను పది నిమిషాల్లో చూడలేను. వచ్చే వారం రమ్మనండి. ఆ వరుసలో ఎందరున్నారు?"

"ఒక్కతే మేడమ్, చిన్నామె," అన్నాడు వెంకట్రాములు.

"అయితే ఆమెను పంపండి."

డాక్టరమ్మ వెంకట్రాములు వయసు రాసిచ్చిన చీటీ చూసింది, తర్వాత ఎలిశిబమ్మ మొహం చూసింది. "ముప్పై ఎనిమిదా?"

ఎలిశిబమ్మ తలుపు దగ్గరున్న కొడుకునూ, బయటి వరుసనూ ఒకసారి చూసింది.

"అవునమ్మా. మావోడు నాకన్న ఏడాది పెద్ద," అని సూదికి చెయ్యి చాపింది.

ఆ మరుసటి మంగళవారం మెదక్‌లో అరవై దాటినవాళ్లు ఒక్కరూ దొరకలేదు.