నాలుగు సెకన్ల రైతు

పత్తి అమ్ముకునే రైతులకు కొనుగోలు కేంద్రంలో స్లాట్లు ఇచ్చే కొత్త వెబ్‌సైటు పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పరీక్ష పెట్టింది మనుషులు కారు. మనుషులైతే బటన్‌కో టీ తాగుతారు. అందుకని ఒక కోడ్ రాశారు. ఆ కోడే బ్రౌజర్ తెరిచి, రైతు పేరు, పొలం వివరం కొట్టి, స్లాటు పట్టి మూసేసింది. మొత్తం మూడు సెకన్లు.

ప్రారంభోత్సవంలో పెద్ద అధికారిగారు మైకందుకున్నారు. "చేతుల్లేని కోడ్‌కే మూడు సెకన్లు చాలాయి. రెండు చేతులున్న మన రైతుకు నాలుగిస్తున్నాం. ఇంతకంటే రైతు పక్షపాతం ఎక్కడుందో చూపించండి." అయిదో సెకనుకు పేజీ దానంతటదే మూసుకుపోయే ఏర్పాటు జరిగింది.

అద్దంకి పక్క పల్లెలో బుడే అనే రైతు పత్తి వాకిట్లో టార్పాలిన్ పట్టా కింద ఉంది. పడమర మబ్బు పట్టింది. బుడే పేరు కొట్టేలోగా పేజీ మూసుకుపోతోంది.

"నీ పేరే రెండక్షరాలు. అదీ కొట్టలేకపోతే ఎట్టయ్యా?" అంది భార్య కరీమున్. తనే కొడతానని ఫోను లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకునేలోగా పేజీ లేదు.

కష్టం కనిపిస్తే కోచింగ్ సెంటర్ పెట్టకుండా ఊరుకునే ప్రాంతం కాదు మనది. చిలకలూరిపేటలో కరుణాకర్ గారు చూపుడువేలు అకాడమీ తెరిచారు. తెల్లారుజామున వేలి వ్యాయామం, ఆదివారం గ్రాండ్ టెస్టు. నూనె మర్దన హాస్టల్ ఫీజులోనే కలిపారు. మొద్దువేళ్ళవారికి వేరే సెక్షన్. బుడే చేరాడు. పట్టా ఎగరకుండా కరీమున్ ఒక్కతే రాళ్ళు మోసుకుంది.

చివరికి బుడే టాపరయ్యాడు. అకాడమీ అంతా చూస్తుండగా పేజీ తెరిచి, కోడ్ కంటే ముందే ముగించాడు. వెబ్‌సైటు కాసేపు ఆలోచించి ఇలా చూపించింది: "ఇంత వేగం మానవులకు అసాధ్యం. మీరు మనిషి కాదని గుర్తించి మీ ఖాతాను శాశ్వతంగా నిలిపివేయడమైనది."

అప్పుడే కరీమున్ ఫోన్ చేసింది. చినుకులు మొదలైనాయి, స్లాటు దొరికిందా అని.

"దొరకలా. నేను మనిషిని కాదంట."

"ఆ ముక్క చెప్పడానికి వెబ్‌సైటు కావాలా? కట్టుకున్నదాన్ని, నాకు తెలీదూ? వచ్చి పట్టా ఓ కొస పట్టుకో."

అతను బస్సు దిగేసరికి పత్తి తడిసి నల్లబడింది.

మర్నాడు హైవే పొడుగునా బుడే ఫోటోతో ఫ్లెక్సీలు లేచాయి: "మా విద్యార్థి మనిషి కాదని అధికారిక ధ్రువీకరణ! అడ్మిషన్లు జరుగుచున్నవి." అకాడమీ ముందు క్యూ రోడ్డెక్కింది. అందులో రైతులు తక్కువ, పిల్లల చేతులు పట్టుకున్న తల్లిదండ్రులే ఎక్కువ. మావాణ్ణి కూడా అట్టా చేసి పెట్టండి సార్ అని బతిమాలుతున్నారు. వాళ్ళలో మీరూ కనిపించారు. పలకరిద్దామనుకున్నాను గానీ, కదిలితే నా చోటు పోతుందని ఊరుకున్నాను.