బిజినెస్ క్లాసులో గోడ

పక్కవాడి మొహం కనిపించకుండా గోడ కట్టిన విమానం సీటు మానవజాతికి దొరికిన వరం! కాదనేవాళ్ళు ఇలా వచ్చి కూర్చోండి, తేల్చుకుందాం.

ఓ విమాన కంపెనీవాళ్ళు ఈమధ్య బిజినెస్ క్లాసులో కొత్త సీట్లు వేశారు. ఒక్కో సీటుకూ చుట్టూ గోడ, ముందు తలుపు, మీట నొక్కితే మంచం. అంతే, తరచూ ఎగిరే పెద్దమనుషులంతా ఒకటే గోల. కాళ్ళ దగ్గర ఇరుకట! దిండు గట్టిగా ఉందట! బూట్లు పెట్టుకునే అర చిన్నదట! మాచర్ల బస్సులో ఒంటికాలి మీద నిలబడి వచ్చిన రోజులు అప్పుడే మర్చిపోయారా?

అందరికంటే ఎక్కువ గింజుకున్నవాడు గుంటూరు మిర్చి వ్యాపారి వీరబాబు. నెలకు మూడుసార్లు ఢిల్లీ వెళ్తాడు. పాపం, అతని బాధంతా చేతుల గురించే.

మిర్చి బేరం నోటితో చేస్తారా ఎవరైనా? తువ్వాలు కింద చేతులు కలపాలి, వేళ్ళు నొక్కి ధర చెప్పాలి. క్వింటాకు వేలికో వెయ్యి. పక్కనే నిలబడ్డ రైతుకు తువ్వాలు కనిపిస్తుంది, ధర కనిపించదు. ఎంత మర్యాదైన పద్ధతి! పాత సీట్లలో అయితే వీరబాబూ, కారప్పొడి కంపెనీ సురేంద్రా పక్కపక్కనే కూర్చుని, విమానంలో ఇచ్చిన దుప్పటి కప్పుకుని, నాగపూర్ దాటేలోగా బేరం తేల్చేసేవాళ్ళు.

ఈసారీ తేలాలి. కోల్డ్ స్టోరేజీలో పొదిలి రైతుల సరుకు గుట్టగా ఉంది. ఢిల్లీలో దిగగానే సురేంద్ర వేరే వ్యాపారి కారెక్కేస్తాడు. వీరబాబు పరుగున వచ్చి ఎక్కేసరికే, సురేంద్ర తీసుకున్న పక్క సీటు తలుపు మూసి ఉంది. లేచి వెళ్దామంటే బెల్టు తీయొద్దన్నారు. ధర పైకి చెబుదామంటే చుట్టూ అందరికీ చెవులే.

గోడ దించుదామని ఓ మీట నొక్కాడు. సీటు మంచమైంది. ఇంకోటి నొక్కితే కాళ్ళు లేచి తల దిగింది. మూడోదానికి నడుం మీద మర్దన మొదలైంది. ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చి, "సార్, ఏమైనా కావాలా?" అంది. "ఏం వద్దమ్మా, నాకిలాగే అలవాటు" అన్నాడు తలకిందులుగానే. పరువు ముఖ్యం కదండీ!

చివరికి గోడ మీదుగా చెయ్యి అవతలికి జార్చి, పైన దుప్పటి కప్పాడు. ఓ చెయ్యి తగిలింది. ప్రాణం లేచొచ్చింది! మూడుసార్లు అయిదు వేళ్ళూ నొక్కి, ఆపైన మూడు వేళ్ళు నొక్కాడు. క్వింటా పద్దెనిమిది వేలు! అవతలి చెయ్యి ఏమాత్రం బెట్టు చెయ్యకుండా ఆప్యాయంగా తట్టింది. బేరం ఖాయం!

"భయమేస్తోందా నాయనా?" అంటూ గోడ మీంచి ఓ ముఖం లేచింది.

సుబ్బరావమ్మ! పొదిలి మిర్చి రైతు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నవాటిలో నలభై బస్తాలు ఆవిడవే. ఉత్తమ రైతు బహుమతి ఇస్తామని ఎవరో టిక్కెట్టు పంపితే ఢిల్లీ వెళ్తోంది. సురేంద్ర కిటికీ కోసం ఆవిడతో సీటు మార్చుకుని వెనక వరసకు వెళ్ళాడని, ఇంత గోడ కట్టాక వీరబాబుకు ఎలా తెలుస్తుంది?

ఆవిడ ముందు మనిషిని గుర్తుపట్టింది. తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకుంది. వేలికో వెయ్యని రైతులకూ తెలుసు, కనిపించనిది వేళ్ళే.

"పద్దెనిమిదా వీరబాబూ! పన్నెండుకి మించి పోదని నిన్ననే గదయ్యా ఫోన్లో చెప్పావు?"

"అది గుంటూరు ధరండి. ఇది... పైన ధర."

"అయితే నా సరుకూ పైనే అమ్మాను. ఒట్టు వెయ్యి!"

చెయ్యి లాక్కోబోయాడు. నలభై ఏళ్ళు మిరపకాయలు కోసిన పట్టు, వదులుతుందా? పద్దెనిమిదీ ఇస్తానని బిడ్డల మీద ఒట్టేసేదాకా వదల్లేదు. ఇన్నేళ్ళూ తువ్వాలు కింద ఎంత ధర తేలుతోందో ఆవిడకు ఒక్కరూ చెప్పలేదు. గోడ చెప్పింది. మరి వరం కాదా?

దిగేముందు ఎయిర్ హోస్టెస్ అభిప్రాయాల కాగితం తెచ్చి ఇచ్చింది. కాళ్ళ గురించీ దిండు గురించీ వీరబాబు ఒక్క మాట రాయలేదు. నొప్పెడుతున్న వేళ్ళతో ఒకే ఒక్క లోపం రాశాడు:

"గోడ ఎత్తు చాలదు. రైతు చెయ్యి అందుతోంది."