తొక్కకముందే కట్టిన కట్టు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడుతున్నాను. చిన్న అడవి పెడితే నా తెలివే సగం చోటు ఆక్రమించి, పాపం జంతువులు ఇరుకున పడతాయి. వాటి మీద జాలి కొద్దీ ఎప్పుడూ పెద్దదే పెడతాను.

ఆ అడవిలో నాంచారమ్మ అనే కుందేలు బొరియను ఏనుగు చూసుకోక తొక్కింది. బొరియ కూలింది, నాంచారమ్మ కాలు విరిగింది. ఏడాదిపాటు వ్యాజ్యం నడిచాక, ఏనుగు నలభై బుట్టల చిలగడదుంపలు పరిహారంగా ఇచ్చేటట్టు రాజీ కుదిరింది.

దుంపలు కచేరీకి చేరేసరికి నాంచారమ్మ కంటే ముందు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. కేసు వాదించిన నక్క, కాలికి కట్టుకట్టిన ఎలుగు, ఏడాదిగా తన కొట్లోంచి అరువు మీద తిండి పెట్టిన కోతి. ఎవరి బాకీ చూసినా ముప్పై బుట్టలకు తక్కువ లేదు.

నాంచారమ్మ కుంటుకుంటూ వచ్చి, న్యాయాధికారి అడవిదున్నకు దండం పెట్టింది. వానలు పడేలోపు నలుగురు పిల్లలకు బొరియ కావాలని, తవ్వే పందికొక్కు పది బుట్టలు ముందే అడుగుతోందని చెప్పుకుంది. అవి వదిలేస్తే మిగతావి ముగ్గురూ పంచుకోవచ్చంది.

"పిల్లలదేముంది తల్లీ, ఏ పొదలోనో పెరుగుతారు," అంది నక్క.

పాత బాకీకే మొదటి హక్కని దున్న తేల్చింది. ఆ అడవిలో తేదీలు లేవు. ఏదో పెద్ద సంగతి జరుగుతుంది, దానికి ముందా తర్వాతా అన్నదే లెక్క. ఆ ఏడాది పెద్ద సంగతి ఏనుగు తొక్కుడే.

తొక్కిన సాయంత్రమే కట్టుకట్టానని ఎలుగు అంది. ఆ మధ్యాహ్నమే అరటిపళ్లు అరువిచ్చానని కోతి అంది. నక్క గొంతు సవరించుకుని, తాను వకాల్తా పుచ్చుకున్నది తొక్కుడుకు ముందురోజని చెప్పింది. ఎలుగు ఊరుకుంటుందా? తన కట్టు అంతకు ముందురోజుదంది.

"విరగని కాలికా?" అని దున్న అడిగింది.

"ముందుజాగ్రత్త వైద్యం, అయ్యగారూ."

కాలు విరిగితే మేతకు పోవడం కుదరదు కదా అని వారం ముందే ఖాతా తెరిచానని కోతి అందుకుంది.

మూల కునుకుతున్న ఏనుగు కళ్లు తెరిచింది. "తొక్కుతానని నాకే తెలీదు. మీ ముగ్గురికీ ఎలా తెలిసిందయ్యా? తెలిసీ నాకొక్క మాట చెప్పలేదేం?"

దున్న కూడా సర్దుకు కూర్చుంది. ముప్పు తెలిసీ చెప్పనివాళ్లే ఆ నలభై బుట్టలూ ఏనుగుకు తిరిగి కట్టాలంది.

"ఈ తల్లి ముఖం నేను ఇవాళే చూస్తున్నాను," అంది నక్క. తనకసలు కొట్టే లేదంది కోతి. తనకు వైద్యమే రాదంది ఎలుగు. ఆ రోజు కచేరీలో ఎవరైనా నిజం చెప్పారంటే అదొక్కటే.

ముగ్గురి మాటా రాయించుకుని, ఎవరికీ ఏ బాకీ లేదని దున్న తీర్పిచ్చింది. దుంపలన్నీ నాంచారమ్మకే దక్కాయి. ఆ సాయంత్రమే పందికొక్కు తవ్వకం మొదలుపెట్టింది.

నీతి: బాకీ పడితే ఒక్కరికే పడకండి, కనీసం ముగ్గురికి పడండి.

నేనూ ముగ్గురికే పడ్డాను. కానీ వాళ్లు కలిసే వస్తారు, కలిసే టీ తాగుతారు, ఆ టీ డబ్బులు నేనే ఇస్తాను. వాళ్ల మధ్య పోటీ పెట్టడమెలాగో నాకింకా తెలీలేదు.