మూడు వందల డీపీఐ మంత్రిగారు

పలాస, టెక్కలి ప్రాంత ప్రజలు ఇకపై ఫ్లెక్సీల మీద మంత్రిగారి ముఖాన్ని మూడు వందల డీపీఐ (అంగుళానికి మూడు వందల చుక్కలు) కన్నా తక్కువలో చూడబోరని మండల పార్టీ నాయకుడు యుగంధర్ ప్రకటించాడు. ఇంత స్పష్టమైన ప్రకటన ఆ పార్టీలో అంతకుముందు ఎవరూ చేయలేదు.

దీని వెనక ఒక గాయం ఉంది. కిందటిసారి వాట్సాప్‌లో వచ్చిన ఫోటోతోనే నలభై అడుగుల ఫ్లెక్సీ వేయించాడు. మంత్రిగారి ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది. దాంతోపాటే హార్బరు కమిటీ చైర్మన్ పదవీ చేజారింది. ఇప్పుడా పదవి మళ్లీ ఖాళీ అయింది. సముద్రం ఒడ్డున భావనపాడుకి చేపల కోసం ఐసు ఫ్యాక్టరీ ఈ నెలాఖరుకల్లా వస్తుందని మంత్రిగారు గడువిచ్చారు. దాన్ని టెక్కలి సభలోనే మీట నొక్కి ప్రారంభిస్తున్నారు. ఈసారి కూడా పోతే ఇంట్లో తలెత్తుకోలేనని యుగంధర్ నిజంగానే భయపడ్డాడు.

పలాసలో నయోమి ఫ్లెక్సీ షాపుకి వెళ్లి, ఆమె కంప్యూటర్ పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

“దూరం నుంచి సూసేదానికి డెబ్భై రెండు సాలన్నా,” అంది నయోమి. “మూడొందలు పెడితే సిస్టమ్ మొరాయిత్తాది.”

“మొరాయించనీ. మంత్రిగారికి మూడొందలు పెట్టు. నాకు నూటేభై సాలు. బాబూరావుకి పదిహేనియ్యి.”

బాబూరావు అదే పదవికి పోటీదారు.

“ఒక ఫైల్లో అందరికీ ఒకటేనన్నా.”

కంప్యూటర్లకు ప్రోటోకాల్ తెలియకపోవడం యుగంధర్‌ను బాధించింది. ప్రజాస్వామ్యం కదా అని సర్దుకున్నాడు. ఫ్యాక్టరీ ఫోటో మాత్రం కొత్త ఫోనుతో తనే తీశాడు. వాట్సాప్‌లో నలగనివ్వకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టి తెచ్చాడు.

సభ రోజు ఫ్లెక్సీ లేచింది. మంత్రిగారి మీసంలో ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక విడిగా కనిపించింది.

ఆటోల్లో తరలించిన భావనపాడు ఆడవాళ్లు దిగీ దిగగానే ఫ్లెక్సీ దగ్గరికి నడిచారు. ఏ సభ అయ్యాకైనా ఫ్లెక్సీలను చేపలు ఎండబెట్టుకోవడానికి పట్టుకెళ్లేది వాళ్లే. ఎవరికి ఏ ముక్కో ముందే చెప్పుకుంటారు, చేత్తో తడిమి గట్టిదనం చూసుకుంటారు. నయోమి చెప్పిన దూరం వాళ్లకు వర్తించదు.

వాళ్లలో వరహాలమ్మ ఫ్యాక్టరీ బొమ్మ ఉన్న ముక్కను తడుముతూ ఆగిపోయింది.

“ఇది మా ఒడ్డున గోడ కాదేటి? ఒక్క గోడ కట్టి ఒగ్గీసినారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ కిటికీలోంచి సూడండర్రా, ఎనకాల నా సేపలు ఎండుతన్నాయి. పక్కన మా పడవ.”

అప్పుడే కారు దిగిన మంత్రిగారు ఆగారు. యుగంధర్ పరిగెత్తుకొచ్చాడు.

“ఫ్యాక్టరీలో చేపలేంటయ్యా?”

“స్టాకు సార్. తమరు మీట నొక్కకముందే నిండిపోయింది.”

“మరి పడవ?”

“డోర్ డెలివరీ సార్.”

మంత్రిగారు ఫ్లెక్సీని చాలాసేపు చూశారు. కిటికీని కాదు, తన మీసాన్ని. తర్వాత యుగంధర్ భుజం తట్టి, వేదిక ఎక్కి, ఒక చేత్తో మీట నొక్కి, రెండో చేత్తో కొత్త చైర్మన్‌గా అతని చేయి పైకెత్తారు.

“ఐసుంటే ఈ ఎండబెట్టుకునే కర్మేటి బాబూ మాకు?” అని వరహాలమ్మ అడిగింది. చప్పట్లలో ఎవరికీ వినిపించలేదు.

సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ ఉన్న తన ముక్క కోసుకుని, మడిచి, చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. మర్నాడు పొద్దున్నే దాన్ని గోడ వెనక పరిచి చేపలు ఆరేసింది. మంత్రిగారు ఇచ్చిన గడువులోపే ఐసు ఫ్యాక్టరీ భావనపాడు చేరింది.